పన్నెండు గళ్ళ పాఠం

మొన్న సెలవులకు మా రెండో అమ్మాయి కూతురు నెల్లూరు నుంచి వస్తూ బట్టల సంచీతో పాటు క్లారినెట్ పెట్టె కూడా మోసుకొచ్చింది. ఆ క్లారినెట్ ఒకప్పుడు నాదే. ముందు మా నాయన వాయించి, తర్వాత నేను వాయించి, నా పళ్ళు కదలడం మొదలయ్యాక బీరువా మీదికి చేరిన దాన్ని ఈ పిల్ల రెండేళ్ళ కిందట దించి, దుమ్ము తుడిచి, ఫోనులో ఎవరో మాస్టారు చెప్పే పాఠాలతో నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. వచ్చే నెల ఏదో గ్రేడు పరీక్ష ఉందట, అందులో మిగతావన్నీ కాగితం చూసి వాయించేవేనట, చివర మాత్రం ఒక బ్లూస్ వరస వినిపించి దాని మీద నీ సొంతంగా వాయించు అంటారట. ఫోనులో ఆ వరస పెట్టి చూపించింది. డ్రమ్ములూ గిటారూ వాటంతటవే నడిచిపోతూ ఉంటాయి, పైన మనం ఏదో ఒకటి అల్లాలి, స్వరం తేడా పడితే తెర మీద ఎర్రచుక్క పడుతుంది. నాలుగు ఎర్రచుక్కలు పడేసరికి పిల్ల ముఖం చిన్నబోయింది. క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన చేరి, "తాతా, నా సొంతంగా వాయించాల్సింది నువ్వే రాసిపెట్టవా? కంఠతా పట్టేస్తా" అంది.

వంటింట్లోంచి వాళ్ళమ్మ పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రాసిపెట్టడం నాకు రాక కాదు. ఊరికే పదిమందికి కాదు, కొన్ని వందల మంది పిల్లలకు వాళ్ళ వాళ్ళ సొంత సంగీతం నేనే రాసిపెట్టినవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అలా రాసిపెట్టడం వల్ల ఏం పోయిందో తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు, వాళ్ళలో ఒకాయన మట్టిలో కలిసి చాలాకాలమైంది.

నా ఈడు వాళ్ళకు బ్యాండు మేళం గురించి విడమరచి చెప్పనక్కర్లేదు. మండువేసవిలో ఎర్రకోట్లు, వాటి మీద బంగారురంగు దారపు అల్లికలు, మెడ కింద చెమటతో నానిపోయిన కాలర్లు, ముందు క్లారినెట్టూ వెనక బాకాలూ ఆ వెనక పెద్ద డ్రమ్ము. కావలిలో మా నాయనది అలాంటి మేళం. మా తాతల నాడు సన్నాయి, నాయన నాటికి క్లారినెట్టు. ఊరేగింపు ముగిశాక పందిట్లో పెళ్ళివారంతా తిని, వాళ్ళ డ్రైవర్లు కూడా తిన్నాక, ఆఖరి బంతిలో మాకు ఆకులు వేసేవాళ్ళు. నాయన ఆ ఆకు ముందు కూర్చుని, బూర ఊది ఊది వాచిన పెదాలతో చల్లారిన అన్నం మెల్లగా నమిలేవాడు. నేను పక్కన కూర్చుని, జన్మలో ఈ ఆఖరి బంతిలో కూర్చోకూడదు అనుకునేవాణ్ణి. అంతకు మించిన ఆశయమేదీ ఆ వయసులో నాకు లేదు.

మేళగాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. దారిలో మసీదులో నమాజు జరుగుతున్నా, ఆసుపత్రి వచ్చినా, ఎవరింటి ముందైనా శవం ఉన్నా, ముందు నడిచే క్లారినెట్టు వాడు చెయ్యి పైకెత్తేవాడు. అంతే, పాట ఏ ముక్కలో ఉన్నా అక్కడికక్కడ తెగిపోవాలి. అందరూ వాద్యాలు కిందికి దించి, మాట్లాడకుండా, అడుగుల లెక్క మాత్రం తప్పకుండా నడిచి ఆ ఇల్లు దాటాలి. పెళ్ళివారు ఎంత గొప్పవాళ్ళయినా దీనికి ఎదురు చెప్పేవాళ్ళు కాదు. కష్టమల్లా దాటిన తర్వాత. వెంటనే అందుకోవాలి, అదీ మెత్తగా అందుకోవాలి, వెనకున్న ఇంటివాళ్ళకు గుచ్చుకోకూడదు, ముందున్న పెళ్ళివారికి మేళం నిద్రపోయిందనిపించకూడదు. ఎవరి ముక్క మధ్యలో తెగిందో వాడే అందుకోవాలని లెక్క, వాడు తడబడితే మాత్రం పెద్దవాడు కలగజేసుకోవాలి. ఆ నాలుగైదు అడుగుల నిశ్శబ్దంలో మా నాయన మెడనరాలు ఎలా బిగుసుకునేవో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మా మేనమామ వేరే రకం మనిషి. మా అమ్మకు తమ్ముడు, ట్రంపెట్టు వాయించేవాడు, మీసాలు రాకముందే మద్రాసు బండెక్కి, అక్కడ హోటళ్ళలో డాన్సు బ్యాండుల్లో పన్నెండు పదమూడేళ్ళు వాయించి, ఆ హోటళ్ళు బ్యాండులు మానేశాక ఒక ట్రంపెట్టూ ఒక దగ్గూ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. జాజ్ అనే మాటా, బ్లూస్ అనే మాటా నేను మొదట విన్నది ఆయన నోటనే. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. మా ఇంటి ముందు నాపరాళ్ళ మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ ఆటకు గీసినట్టు వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు, పన్నెండు గళ్ళు గీశాడు. ఒక్కో గడిలో నాలుగు అడుగులు వెయ్యాలి. మొదటి వరసంతా మన ఇల్లు, అంటే పాట ఆనుకునే ఆధార స్వరం, పక్కిల్లూ ఎదురిల్లూ అంటే ఆ ఆధారం మారడం. రెండో వరసలో రెండు గళ్ళు పక్కింట్లో గడిపి రెండు గళ్ళకు మళ్ళీ మన ఇంటికి రావాలి. మూడో వరసలో ఎదురింటికి వెళ్ళి, పక్కింట్లో ఒక గడి ఆగి, తిరిగి మన ఇంటికి చేరి ఊపిరి పీల్చుకోవాలి. బ్లూస్ అంటే ఇంతేనన్నాడు. గళ్ళు అందరికీ ఒకటే, ఏ గడిలో ఏం చెప్పుకుంటావన్నది నీ ఇష్టం. వాడే స్వరాలు అయిదు చూపించాడు. పక్కన నులకమంచం మీద కూర్చున్న మా నాయన విని, ఇది మన శుద్ధ ధన్యాసి రాగమే కదా అన్నాడు. "పిల్ల అదేలే బావా, మెట్టినిల్లు వేరు" అన్నాడు మామ.

మూడు వరసలెందుకని అడిగితే ఆయన చెప్పింది నేనెన్నటికీ మరిచిపోలేను. "చచ్చినింటి కాడ ఆడోళ్ళు శోకాలు పెడతారే, వినుండావు గదా? ఒక మాటంటారు. ఆ మాటే ఇంకోసారంటారు. మూడోసారి దానికి వాళ్ళే జవాబు చెప్పుకుంటారు. అదేరా ఇది. వాళ్ళకెవురన్నా కాగితం మీద రాసిచ్చినారా?" తోచినంతసేపు వాయించు, తోచకపోతే ఊరుకో, ఊరుకుని అడుగులు వెయ్యి, ఖాళీ గడి కూడా పాటలోదే అనేవాడు. నేను తలూపాను. తలూపడం తేలిక.

ఇరవై మూడో ఏట నాకు కావలిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో బ్యాండు మాస్టరుగా తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. కరస్పాండెంటు గారు ఎక్కడో మూతబడ్డ మేళం తాలూకు వాద్యాలు కొని పడేసి, పెరేడ్లకు పనికొస్తాయని నన్ను పెట్టుకున్నారు. మొదటిరోజు స్టాఫ్ రూములో నాకు కుర్చీ చూపించి, గాజుగ్లాసులో టీ తెచ్చి ఆయా నా చేతికిస్తూ సార్ అని పిలిచింది. మా వంశంలో ఆ పిలుపు అందుకున్నవాడు నాకు ముందు ఎవరూ లేరు. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మకు ఆ టీ సంగతే మూడుసార్లు చెప్పాను.

తొమ్మిదో తరగతి నుంచి అయిదుగురు పిల్లలను ఏరుకున్నాను. ముగ్గురు డ్రమ్ములకూ తాళాలకూ సరిపోయారు. ట్రంపెట్టుకు రొయ్యల చెరువుల వారబ్బాయి, మనిషి పొట్టి, గాలి మాత్రం బ్రహ్మాండం. క్లారినెట్టుకు ఆ స్కూలు గుమాస్తా గారమ్మాయి. చివరి పీరియడులో సైకిల్ స్టాండు ఖాళీ చేయించి, ఆ సిమెంటు నేల మీద మామ గీసినట్టే పన్నెండు గళ్ళు గీశాను. మొదటివారం ఒకే ఒక్క స్వరం. దాన్నే పొడుగ్గా, పొట్టిగా, ఆపి, ఎగరేసి, పన్నెండు గళ్ళూ నడిచి రావాలి. రెండోవారం ఇంకో స్వరం తోడిచ్చాను. పొద్దున ఏం తిన్నావో బూరతో చెప్పు అనేవాణ్ణి, ఎదుటివాళ్ళు దానికి బూరతోనే జవాబు చెప్పాలి. రొయ్యల చెరువుల వారబ్బాయి వాళ్ళ చెరువులో నీటికి గాలి పట్టించే చక్రాలు టపటపా కొట్టుకోవడం, కరెంటు పోతే వాళ్ళ నాన్న గట్టు మీద పరిగెత్తడం అన్నీ ట్రంపెట్టులో వాయించి చూపేవాడు. అందులో సగం అపస్వరాలే, అయినా వాడికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. సైకిళ్ళ కోసం వచ్చిన పెద్ద తరగతుల పిల్లలు కూడా ఆగి నవ్వి, ఆ తర్వాత నవ్వు మాని వినేవాళ్ళు.

గుమాస్తా గారమ్మాయి సంగతి వేరు. వేళ్ళు అందరికంటే చక్కగా కదిలేవి, కాగితం పెడితే ఒక్క తప్పు రాదు, కాగితం తీసేస్తే అయిదో గడి దగ్గర, అంటే మన ఇల్లు దాటి పక్కింట్లో అడుగుపెట్టే చోట, కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. ఏది తప్పు సార్, ఏది ఒప్పు సార్ అని అడిగేది. తప్పంటూ లేదమ్మా అంటే నమ్మేది కాదు. ఎలా నమ్ముతుంది? మిగతా ఏడు పీరియడ్లలో ప్రతి తప్పుకూ అరచేతి మీద స్కేలు దెబ్బ పడే పిల్ల అది. పైగా వాళ్ళ నాన్న అదే స్కూల్లో ఆఫీసు గది బయట చిన్న బల్ల ముందు వంగి కూర్చునేవాడు, కూతురు చేసే ప్రతి పనీ తన ఉద్యోగం మీదికి వస్తుందేమోనని ఆయన భయం. నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం ఆ పిల్ల అయిదో గడిలో ఆగి, చాలాసేపు నేల చూసి, మూడంటే మూడు స్వరాలు వాయించింది. ఎవరూ చెప్పనివి, చిన్నవి, కొంచెం వణుకుతున్నవి. వాయించి, ఏదో పగలగొట్టినదానిలా నా ముఖం చూసింది. నేను పట్టరాని సంతోషంతో బాగుందమ్మా, బాగుందమ్మా అని రెండుసార్లు అన్నాను.

ఆ మరుసటి వారమే హెడ్మాస్టరు గారు పాఠాల నోట్సు పుస్తకం తెమ్మన్నారు. ఏ వారం ఏ పాఠం, ఏ నిమిషంలో ఏం చెబుతామో ముందే రాసి సంతకం చేయించుకోవాలి. అందరితో పాటు నేనూ రాసేవాణ్ణి. ఆయన ఒక పేజీ మీద వేలు పెట్టి, "అయిదో గడిలో పిల్ల ఏం వాయిస్తుందో రాయలేదేంది మాస్టారూ? రాయందే నేను సంతకం ఎట్టా పెట్టేది?" అన్నారు. పిల్లకు ఏది తోస్తే అది సార్ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వార్షికోత్సవానికి పెద్ద ఆఫీసరు గారొస్తున్నారనీ, రోడ్డు మొదటి నుంచి స్కూలు దాకా మన బ్యాండే ఆయన్ను తీసుకురావాలనీ, ఇతర స్కూళ్ళలో లేనిది వినిపించాలని కరస్పాండెంటు గారి పట్టుదలనీ, అది చూసిన తర్వాతే బ్యాండు మాస్టరును ఉంచాలా తీసెయ్యాలా తేలుస్తారనీ చెప్పారు. ఆయన చెడ్డవారు కారు. ఉన్నమాట చెప్పారు.

అప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. కళ్ళు మూసుకుంటే ఆఖరి బంతి, చల్లారిన అన్నం, నాయన వాచిన పెదాలు. ఆ మధ్యనే పెళ్ళిళ్ళలో క్యాసెట్లూ పెద్ద స్పీకర్లూ వచ్చి మేళానికి ఆ ఆఖరి బంతి కూడా కరువవుతున్న రోజులు. అయిదో గడి దగ్గర ఆ పిల్ల ఆఫీసరు గారి ముందు కొయ్యబారిపోతే నా గతేమిటి? వారం రోజులు గింజుకుని, చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, ట్రంపెట్టుకు పన్నెండు గళ్ళు, క్లారినెట్టుకు పన్నెండు గళ్ళు, ఏ గడిలో ఏ స్వరమో గీతల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాను. రాసి, పిల్లలకిచ్చి, కంఠతా పట్టండి అన్నాను. అంతటితో ఆగలేదు. ఎక్కడ ఆలోచిస్తున్నట్టు ఆగాలో, ఎక్కడ అప్పుడే తట్టినట్టు తలెత్తాలో కూడా నేర్పాను. రొయ్యల చెరువుల వారబ్బాయికి విసుగు, అయినా నాలుగు రోజుల్లో పట్టేశాడు. గుమాస్తా గారమ్మాయి ముఖం మాత్రం వెలిగిపోయింది. కాగితాన్ని లెక్కల పుస్తకంలో దాచుకుంటూ ఒక్క మాట అడిగింది. "నేనే అప్పుడికప్పుడు అనుకుంటుండా అన్నట్టు వాయించాల గదా సార్?" అవునమ్మా అన్నాను. హెడ్మాస్టరు గారు అన్ని పేజీల్లోనూ సంతకాలు పెట్టారు.

వార్షికోత్సవానికి వారం ముందు మామ సైకిల్ స్టాండుకు వచ్చాడు. ఒక స్తంభానికి ఆనుకుని మొత్తం విన్నాడు. పిల్లలు వెళ్ళిపోయాక నేల మీద గళ్ళను చూస్తూ, "పిలకాయలు దారి చూసుకుని నడవడంలా. నీ చెయ్యి పట్టుకుని నడుస్తుండారు" అన్నాడు. నాకు చర్రున కోపమొచ్చింది. మద్రాసు హోటళ్ళలో దర్జాగా బతికినవాడివి నీకేం తెలుసు ఆఖరి బంతి సంగతి అని ఎంత మాటొస్తే అంత మాట అనేశాను. ఆయన దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం నాలుగున్నరకు రోడ్డు మొదట ఆఫీసరు గారు జీపు దిగారు. పిల్లలు తెల్లటి దుస్తుల్లో, నేను అప్పు తెచ్చుకున్న టై కట్టుకుని వాళ్ళకు ఒక పక్కగా, నా క్లారినెట్టు చేతిలో. డ్రమ్ము వాడు నాలుగు దెబ్బలు కొట్టాడు, మేళం కదిలింది. ట్రంపెట్టు పన్నెండు గళ్ళూ నడిచి క్షేమంగా ఇంటికి చేరింది. టీ అంగడి ముందు జనం చప్పట్లు కొట్టారు, వాళ్ళలో మామ కూడా కనిపించాడు. తర్వాత గుమాస్తా గారమ్మాయి వంతు. మొదటి వరస చక్కగా దాటింది, అయిదో గడి కూడా దాటింది. హమ్మయ్య అనుకుంటూ నేను తలెత్తి చూద్దును కదా, నాలుగిళ్ళ అవతల ఒక గుమ్మం ముందు టార్పాలిన్ కట్టి ఉంది. దాని కింద బెంచీల మీద మగవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని తలలు వంచుకుని కూర్చున్నారు. వాకిట్లో కుండలో నిప్పు పొగలు కక్కుతోంది. మధ్యాహ్నం నుంచి ఉత్సవం పనిలో మునిగినవాళ్ళం, ఆ వీధిలో ఎవరో పోయారన్న కబురు మాలో ఎవరికీ చేరలేదు.

నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మా నాయన చెయ్యి, మా తాత చెయ్యి లేచినట్టే లేచింది. పిల్లలకు ఈ కట్టుబాటు నేను నేర్పలేదు గానీ చెయ్యి ఎత్తితే ఆపాలని తెలుసు కాబట్టి ఠక్కున ఆపేశారు. క్లారినెట్టు ఆరో గడి మధ్యలో తెగిపోయింది. వాద్యాలు దించి నడుస్తుంటే ముందు నడుస్తున్న కరస్పాండెంటు గారు వెనక్కి తిరిగి చూసి, టార్పాలిన్ చూసి, ఏమీ అనకుండా తలదించుకున్నారు. మేళం ఆగిన ఆ నిశ్శబ్దంలో ఇంటి లోపలి నుంచి ఒక ముసలామె శోకం వినిపించింది. ఒక మాట అంది. ఆ మాటే మళ్ళీ అంది. మూడోసారి తన మాటకు తనే జవాబు చెప్పుకుని, చివర గొంతు కిందికి జారి ఒకచోట నిలిచిపోయింది. అది నేను విన్నాను కానీ వినే స్థితిలో లేను. ఇల్లు దాటడానికి ఇంకా ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంటున్నాను.

దాటాం. ఇక అందుకోవాలి. తెగింది ఆ పిల్ల ముక్క కాబట్టి అందుకోవాల్సింది ఆ పిల్లే. వాయించడం మళ్ళీ మొదలుపెట్టమని సైగ చేశాను. కంఠతా పట్టిన పాఠం మధ్యలో తెగితే ఎక్కడ అతుక్కోవాలో ఎవరికి తెలుస్తుంది? నేను రాసిన కాగితంలో ఆ జవాబు లేదు. పిల్ల క్లారినెట్టు పెదాల దాకా తెచ్చింది, కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుగా ఎటో చూస్తోంది. ఒక అడుగు. రెండు. డ్రమ్ము వాడు నా వైపు చూశాడు. మూడు. కరస్పాండెంటు గారు మళ్ళీ వెనక్కి తిరిగారు, ఈసారి ఆయనతో పాటు ఆఫీసరు గారు కూడా. నాలుగో అడుగు పడేలోగా నా క్లారినెట్టు ఎత్తి నేనే అందుకున్నాను. నేను రాసిందే కదా, ఆరో గడి నుంచి పన్నెండో గడి దాకా పొల్లుపోకుండా వాయించాను. డ్రమ్ములు కలిశాయి, ట్రంపెట్టు కలిసింది, మేళం మళ్ళీ నడిచింది. ఆ పిల్ల క్లారినెట్టు దించేసి మా పక్కన ఊరికే నడుస్తూ వచ్చింది.

సభలో ఆఫీసరు గారు మమ్మల్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. చావింటి ముందు మేళం ఆపిన సంస్కారాన్ని కూడా మెచ్చుకున్నారు. గుమాస్తా గారు వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "మా పాప పరువు కాపాడినారు సార్, మీ మేలు మరిచిపోను" అన్నారు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ మాత్రం స్కూలు గేటు దగ్గర నిలబడి ఒక్క మాటన్నాడు. "ఇంకో నాలుగడుగులు చూడాల్సిందిరా." నేను విననట్టే వెళ్ళిపోయాను. పదిహేను రోజుల్లో నన్ను పర్మినెంటు చేశారు. మా అమ్మ సేమ్యా పాయసం చేసి వీధంతా పంచింది. మరుసటి ఏడు మామ పోయాడు. ఆయనకు నేను సమాధానం చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది.

వేసవి సెలవుల తర్వాత గుమాస్తా గారమ్మాయి క్లారినెట్టును శుభ్రంగా తుడిచి పాతచీర ముక్కలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పదో తరగతి కదా సార్, చదువుకోవాలి అంది. నిజమే కాబోలు అనుకున్నాను. అనుకోవడం నాకు సౌకర్యంగా కూడా ఉంది. ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్ళు అదే స్కూల్లో అదే ఉద్యోగం. సైకిల్ స్టాండు నేల మీద గళ్ళు చెరిగిపోయాయి, మళ్ళీ గీయలేదు. ఏటేటా పిల్లల సొంత సంగీతాన్ని ముందుగానే రాసి, సంతకం చేయించి, కంఠతా పట్టించాను. నా పిల్లల్లో ఒక్కరూ ఎక్కడా ఆగలేదు, ఒక్కరూ తడబడలేదు. కప్పులూ షీల్డులూ ఆఫీసు గది అద్దాల బీరువాలో పట్టనన్ని వచ్చాయి. వాటి ముందు నుంచి నడిచి వెళ్ళేటప్పుడు నేను అటు చూడకుండా వెళ్ళేవాణ్ణి.

పోయినేడాది కావలిలోనే తెలిసినవారింట పెళ్ళికి వెళ్ళాను. ఇప్పటి ఊరేగింపులు మీరూ చూస్తూనే ఉన్నారు, ఒక లారీ నిండా స్పీకర్లు, రంగురంగుల దీపాలు, గుండె అదిరే చప్పుడు. ఆ లారీ ఆసుపత్రి ముందు నుంచే వచ్చింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఎత్తినా డ్రైవరుకు కనిపించదు. నేను చెవులు మూసుకుని పక్కకు తప్పుకుంటుంటే తల నెరుస్తున్న ఒకామె దగ్గరికొచ్చి సార్ అని పిలిచింది. గుమాస్తా గారమ్మాయి. ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేస్తోందట, పెళ్ళికూతురి వైపు బంధువట. పందిట్లో పక్కపక్కన కూర్చున్నాం. ఆమాటా ఈమాటా అయ్యాక నేనే, ఆ రోజు నీకు ఏమీ తోచక నిలబడిపోయావు కదమ్మా, ఏమనుకున్నావో ఏమో అని నసిగాను. ఆమె నవ్వింది. "నిలబడిపోలా సార్. ఆ ఇంట్లో ఆయమ్మ ఏడ్చిందే, ఆ గొంతు ఆఖర్న యాడ నిలిచిందో ఆ స్వరం పట్టుకున్నా. కాగితం గుర్తే లేదు నాకు. ఊపిరి కూడా తీసుకున్నా సార్. అంతలో మీరందుకున్నారు." మళ్ళీ తనే, పోన్లెండి సార్, అప్పుడు నాకూ హాయిగానే అనిపించింది, బతికిపోయాననుకున్నా అంది. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇంతలో భోజనాలకు పిలిచారు. మొదటి బంతిలో, ముందు వరసలో, పెద్దవాణ్ణని మర్యాదగా నన్ను కూర్చోబెట్టారు. వేడన్నం పొగలు కక్కుతోంది. నాకు ముద్ద దిగలేదు.

అప్పటి నుంచి ఆ ఊపిరి నన్ను వదలలేదు. వాయించినవన్నీ మరిచిపోవచ్చు, వాయించకుండా మిగిలిపోయిన ఆ ఒక్క స్వరం ఏమై ఉంటుందా అని క్లారినెట్టు లేకపోయినా వేళ్ళు వెతుక్కుంటూ ఉంటాయి. ఇప్పటి పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. మాకు అయిదుగురు కలిసి నడిస్తేనే మేళం, ఒకడు ఆగితే మిగతావాళ్ళు అడుగులేస్తూ వాడి కోసం చూసేవాళ్ళు. ఈ ఫోనులో డ్రమ్ములు ఎవరి కోసమూ చూడవు. చావిల్లు వచ్చినా ఆగవు, పిల్ల బెదిరినా ఆగవు, తప్పును మాత్రం ఎర్రగా చూపిస్తాయి. వాద్యాలు మారాయి, మాస్టర్లు మారారు, వీధులు మారాయి, భయం మాత్రం అదే భయం, కాగితం అడగడమూ అదే. ఇన్నేళ్ళలో మనం పోగొట్టుకున్నది మేళాన్ని కాదేమో, మేళం ఆగినప్పుడు ఉండే ఆ నాలుగడుగుల నిశ్శబ్దాన్నేమో అనిపిస్తోంది.

మనవరాలికి రాసిపెట్టనన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాళ్ళమ్మ వచ్చి, పరీక్ష కదా నాన్నా, రెండు ముక్కలు రాసిస్తే నీ సొమ్మేం పోయింది అంది. ఫోను కిందనే పెట్టించి, పిల్లను మిద్దె మీదికి తీసుకెళ్ళి, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా వంగి సుద్దతో పన్నెండు గళ్ళు గీశాను. ఒక్కటే స్వరం అన్నాను. తోచకపోతే ఊరుకో, నడక మాత్రం ఆపకు అన్నాను. పిట్టగోడ పక్కన కూర్చుని కాలితో తాళం వేశాను. మొదటి వరస బితుకుబితుకుమంటూ దాటింది. అయిదో గడిలో వాయించడం ఆగిపోయింది, నడక మాత్రం ఆగలేదు. ఆరో గడి ఖాళీ. ఏడో గడి ఖాళీ. పిల్ల నా వైపు చూసింది, ఆ చూపు నాకు తెలుసు. నా గొంతులో ఆ వరస అంతా సిద్ధంగా ఉంది, ఒక్క కూనిరాగం తీస్తే చాలు, పిల్ల గట్టెక్కుతుంది. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో నోటికి అదుముకున్నాను. ఎనిమిదో గడి ఖాళీ. తొమ్మిదో గడిలో కాలు పెడుతూ పిల్ల క్లారినెట్టు పెదాలకు ఆనించింది. అది ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నేను కాలితో తాళం వేస్తూ కూర్చున్నాను.